సిలువకు కాదు, రొట్టెకు కృతజ్ఞత: జాషువా బతుకు చెప్పే మాట

ఆదివారం ఉదయం అబిడ్స్‌లో రెండు రకాల జనం కనిపిస్తారు. చాపెల్ రోడ్డు వైపు చంకలో బైబిలు పెట్టుకుని చర్చికి వెళ్లొచ్చేవాళ్లు ఒక రకం. మూసిన దుకాణాల ముందు, ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల దగ్గర గొంతుక్కూర్చుని వెతుక్కునేవాళ్లు ఇంకో రకం. పీహెచ్‌డీ కోసం నగరానికి వచ్చినప్పటి నుంచి నేను రెండు రకాల్లోనూ ఉన్నాను.

ఒక ఆదివారం ఆరాధనలో, ఇళ్లలో పనిచేసే ఒక పెద్దమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. నెలంతా జ్వరం. రెండిళ్ల పని పోయింది. అయినా ఇంట్లో బియ్యం నిండుకోలేదని దేవుడికి స్తోత్రం చెప్పింది. చెబుతూ నవ్వింది. ఆ నవ్వులో నటన లేదు. సాయంత్రం హాస్టల్లో మిత్రులకు ఈ మాట చెబితే వాళ్లకు కోపం వచ్చింది. జ్వరం వస్తే జీతం కోసి పనిలోంచి తీసేసిన వాళ్లను అడగాల్సింది పోయి దేవుడికి థాంక్స్ చెప్పడమేమిటి, మనవాళ్లను ఇలా చల్లబరిచే కదా ఇన్నేళ్లు కూర్చోబెట్టారు అన్నారు. వాళ్ల కోపం అబద్ధం కాదు. పెద్దమ్మ నవ్వూ అబద్ధం కాదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండగలవా?

ఆ రోజు ఫుట్‌పాత్ మీద నాకు అట్ట చినిగిన ఒక పుస్తకం దొరికింది. గుర్రం జాషువా రాసిన 'క్రీస్తు చరిత్ర'. మనం జాషువాను 'గబ్బిలం' కవిగా తలుచుకుంటాం. సభల్లో పద్యాలు పాడుకుంటాం. ఆయన కోపం మనకు బాగా తెలుసు. ఆయన ఆనందం గురించి మాత్రం తక్కువ మాట్లాడుకుంటాం. నా ప్రశ్నకు జవాబు ఆ బతుకులో ఉందని నాకు అనిపిస్తుంది.

వినుకొండ పిల్లవాడు

జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు. తల్లి లింగమ్మ మాదిగ. అలాంటి పెళ్లి చేసుకున్నవాళ్లను ఊరు ఈ రోజుకీ బతకనివ్వదు. ఆ రోజుల్లో ఎట్లా చూసి ఉంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఆ కుటుంబానికి నీడనిచ్చింది క్రైస్తవం.

ఆ నీడ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా గుర్తుచేసుకోవాలి. జాషువా పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందు, 1876-78లో, దక్షిణ భారతదేశమంతా మహా కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమంది మాదిగలకు కూలి ఇప్పించారు. కూడు కోసం మతం మారారన్న మాట పడకూడదని కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చచ్చిన గొడ్డును మోసుకెళ్లడమే తమ పని అని ఊరు చెప్పిన మనుషులకు, మీకూ ఒక పేరుంది, మిమ్మల్నీ పిలిచేవాడున్నాడు అని ఎవరో చెప్పారు. మన పల్లెల్లో స్తోత్రం అన్న మాట పుట్టింది కరువు కడుపులోంచి. అది కడుపు నిండినవాళ్లు నేర్పిన మర్యాద కాదు.

అయితే నీడ దొరికినంత మాత్రాన ఎండ పోలేదు. బడిలో చేరిన రోజు నుంచే జాషువాకు కులం ఎదురైంది. అయ్యవార్లు, తోటి పిల్లలు ఎడంగా చూశారు. ఆయన తలదించుకునే రకం కాదు, తిరగబడేవారు. బొమ్మలు గీసేవారు, పాటలు పాడేవారు. దీపాల పిచ్చయ్య శాస్త్రి అనే బ్రాహ్మణ పిల్లవాడు స్నేహితుడయ్యాడు. ఆ స్నేహంలోనే పద్యం మీద మనసు పడింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర కాళిదాసు కావ్యాలు చదువుకున్నారు. 'మేఘసందేశం' అప్పుడే చేతికొచ్చింది. అది తర్వాత ఏం చేసిందో చూద్దాం.

వినుకొండలో ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, ఇతన్ని లోపలికి ఎవరు రానిచ్చారని కొందరు లేచారు. ఇలాంటివి ఒకటి రెండు కాదు. పద్యం విని తలూపి, మెచ్చుకుని, ఆ తర్వాత కులం అడిగి, చెప్పగానే లేచిపోయిన వాళ్ల గురించి ఆయనే రాసుకున్నారు. చప్పట్లు కొట్టిన చేతులే తలుపు వేశాయి.

మూడు రూపాయల జీతం

1910లో మేరీతో పెళ్లయింది. సంసారం గడవాలి. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి పంతులుగా చేరారు. అదీ పోయింది. రాజమండ్రి వెళ్లి 1915-16లో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశారు. తెర మీద బొమ్మలు కదులుతుంటే, చీకట్లో నిలబడి కథ, మాటలు వినిపించే పని. సినిమాకు గొంతు లేని రోజుల్లో ఆ గొంతు ఒక దళిత కుర్రవాడిది. హాల్లో కూర్చున్నవాళ్లకు ఆ గొంతు ఎవరిదో కనబడదు కాబట్టి కులం అడ్డం రాలేదు. వెలుగులో నిలబడి అదే గొంతు పద్యం చదివితే మాత్రం అడ్డం వచ్చింది.

తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు, 1928 నుంచి 1942 దాకా అదే ఊరిలో తెలుగు పండితుడిగా ఉద్యోగం. ఉభయ భాషా ప్రవీణ పూర్తి చేశారు. రాయడం ఎప్పుడూ ఆపలేదు. 1932లో 'ఫిరదౌసి' వచ్చింది. పద్యానికి ఒక బంగారు నాణెం ఇస్తానని చెప్పిన గజనీ సుల్తాను, మహాకావ్యం పూర్తయ్యాక వెండి నాణేలు పంపిన కథ అది. దూరదేశపు కథలా కనిపిస్తుంది గానీ, ఏడాదంతా చాకిరీ చేయించుకుని కళ్లం దగ్గర కొలతలో మోసం చేసే ఆసామి ఏ పాలేరుకు తెలియదు?

మూసుకున్న రెండు తలుపులు

జాషువా మీద సవర్ణ సమాజం చేసిన దాడి మనం చెప్పుకుంటాం. చర్చి చేసింది చెప్పుకోవడానికి మొహమాటపడతాం. హిందూ పురాణ కథలు కావ్యాలుగా రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయన కుటుంబాన్ని వెలివేశారు. గుడి అంటరానివాడంది. చర్చి అన్యుల కవి అంది. నీడ ఇచ్చిన చెట్టే కొమ్మ విదిలించింది.

అలాంటి మనిషి 1941లో 'గబ్బిలం' రాశారు. కాళిదాసు యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపాడు. జాషువా కథానాయకుడు పేదవాడు, అంటరానివాడు. అతనిది విరహం కాదు, ఆకలి. అతను తన గోడును కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలంతో కబురు పంపుతాడు. గుళ్లోకి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి అడ్డు లేదు. మన ఇళ్లలో గబ్బిలం దూరితే కీడంటారు. ఆ పేదవాడు దాన్ని కొట్టి తరమడు. తన గుమ్మం తొక్కిన ఒకే ఒక్క ప్రాణి అని ఆదరంగా పలకరిస్తాడు. ఊరు అపశకునమన్న దాన్ని చుట్టంలా చూసిన ఆ చూపు నాకు సువార్తల్లోంచి వచ్చినట్టు అనిపిస్తుంది. శివుడికి కబురు పంపిన కావ్యంలో కూడా జాషువాలోని క్రైస్తవుడు అక్కడ కనిపిస్తాడు. వెలివేసిన పెద్దలకు అది కనబడలేదు.

గిజిగాడు, సాలీడు, పసిపాప

ఇన్ని దెబ్బలు తిన్నవాడి రాతలో చేదు తప్ప ఇంకేం ఉంటుందనుకుంటాం. కానీ ఆయన ఖండకావ్యాలు తెరిస్తే గిజిగాడు ఉంటాడు. సాలీడు ఉంటుంది. కాళ్లు చేతులు ఆడించే పసిపాప ఉంటుంది. గిజిగాడికి ఇంటి స్థలం లేదు, మేస్త్రీ లేడు, సుత్తీ ఉలీ లేవు. గడ్డిపోచలతో ముక్కుతోనే ఇల్లు అల్లుతాడు. సాలీడుకు మగ్గం లేదు, నూలు ఇచ్చే షావుకారు లేడు. అయినా నేస్తుంది. వీటిని చూసి జాషువా పొందిన సంబరం బడి పుస్తకాల్లో చదివిన ప్రతివాళ్లకూ గుర్తుంటుంది.

ఆ సంబరం నాకు ఉత్త ప్రకృతి వర్ణనలా కనిపించదు. తోలు కోసి చెప్పు కుట్టిన జాతి, డప్పు కట్టిన జాతి, చేతిపనిని చూస్తే మురిసిపోతుంది. పెట్టుబడి లేకుండా, ఒకరి అనుమతి లేకుండా, ఒంట్లో ఉన్న విద్యతో ఇల్లు కట్టుకున్న చిన్న ప్రాణిలో ఆయన తనవాళ్లను చూసుకున్నారు. సృష్టికర్త ఒకడున్నాడని నమ్మిన మనిషి, ఆ సృష్టించే పని పిట్టకు, పురుగుకు, మాదిగవాడికి సమానంగా పంచి ఇచ్చాడని గుర్తుపట్టి ఆనందపడ్డారు. ఆ ఆనందాన్ని ఏ కులమూ లాక్కోలేకపోయింది.

శ్మశానం మీద రాసిన పద్యాలదీ అదే దారి. సత్య హరిశ్చంద్ర నాటకంలో కాటి సీనులో నటులు ఆ పద్యాలు పాడుతుంటే, ఊళ్లో అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చోకపోయినా ఒకేసారి వన్స్‌మోర్ అన్నారు. రాజూ పేదా పక్కపక్కన పడుకునే ఒకే చోటు అది. ఆ సమానత్వం బతికుండగా ఎందుకు లేదని ఆ పద్యాలు ఎదురుగా అడగవు. విన్నవాడు ఇంటికెళ్లాక అడుగుతాయి.

ఇద్దరు గురువులు

జాషువా తన జీవితం గురించి చెప్పిన మాటల్లో ఒకటి చాలా ప్రసిద్ధం. తనకు ఇద్దరు గురువులని, ఒకరు పేదరికం, రెండోది కులమత భేదమని ఆయన చెప్పుకున్నారు. మొదటిది తనకు ఓర్పు నేర్పిందని, రెండోది ఎదిరించే శక్తిని పెంచిందని, ఏదీ తనను బానిసను చేయలేదని అన్నారు. తన కత్తి కవిత్వమని, ఆ కత్తికి సంఘం మీద ద్వేషం లేదని, సంఘం నడిచే తీరు మీదే ద్వేషమని కూడా చెప్పారు.

ఈ మాటను నిదానంగా చదవాలి. గురువు అనడం గౌరవం. అంటే కష్టం నుంచి తనకు అందినదాన్ని ఆయన కాదనలేదు. కానీ పేదరికం మంచిదని ఎక్కడా అనలేదు. కులం దేవుడి చిత్తమని అనలేదు. ఆ ఇద్దరు గురువులు నేర్పిన విద్యతోనే ఆ ఇద్దరి మీదా కత్తి దూశారు.

మన చర్చిల్లో తరచూ తప్పిపోయేది ఈ తేడాయే. సువార్తల్లో ఒక రాత్రి ఉంది. యేసును పట్టి ఇవ్వబోయే రాత్రి. ఆయన రొట్టె చేతిలోకి తీసుకుని దేవుడికి కృతజ్ఞత చెప్పి, విరిచి పంచాడు. రొట్టెకు చెప్పాడు. ద్రోహానికి చెప్పలేదు. సిలువకు చెప్పలేదు. ఆ గడియ కాసేపటికే తోటలో చెమటోడుస్తూ ఆ గిన్నె తన దగ్గర నుంచి తొలగించమని వేడుకున్నాడు. కష్టంలో కృతజ్ఞత వేరు, కష్టానికి కృతజ్ఞత వేరు.

ఇంకో కథ ఉంది. ఫిలిప్పీ పట్టణంలో పౌలును, సీలను బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండ వేసి జైల్లో పడేశారు. అర్ధరాత్రి వాళ్లు పాటలు పాడారు. ప్రసంగాలు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. కథ ఆగలేదు. తెల్లారాక అధికారులు గుట్టుచప్పుడు కాకుండా వెళ్లిపొమ్మని కబురు పెడితే పౌలు ఒప్పుకోలేదు. విచారణ లేకుండా, నలుగురి ముందు, రోమా పౌరులమైన మమ్మల్ని కొట్టారు కాబట్టి వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలని పట్టుబట్టాడు. అధికారులు దిగివచ్చారు. రాత్రి పాడినవాడే పొద్దున హక్కు అడిగాడు. రాత్రి పాటను మాత్రమే బోధించి పొద్దుటి పట్టును దాచేస్తే అది సగం సువార్తే.

జాషువా ఆ రెండో సగం ఎరిగిన క్రైస్తవుడు. ఆయన్ను నాస్తికుడన్నవాళ్లున్నారు, మానవతావాది అన్నవాళ్లున్నారు. తనను విశ్వమానవుడిగా చెప్పుకున్న మాట నిజమే. కూతురు హేమలత, నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కొడుకు లవణంను పెళ్లి చేసుకుంటే ఆయన అడ్డుపడలేదు. ఆ కూతురే తర్వాత స్టూవర్టుపురంలో, నేరస్థులని ముద్ర వేసిన మనుషుల మధ్య పనిచేసింది. తండ్రి గబ్బిలాన్ని పిలిచిన చూపే ఆమెకూ వచ్చింది.

నాంపల్లి మెట్ల మీద

చర్చి వెలివేస్తే క్రీస్తును కూడా వదిలేసినవాళ్లున్నారు. కులానికి భయపడి చర్చి అరుగు దిగనివాళ్లున్నారు. జాషువా రెండూ చేయలేదు. వృద్ధాప్యంలో 'క్రీస్తు చరిత్ర' రాశారు. పశువుల పాకలో పుట్టి, వడ్లవాడి ఇంట్లో పెరిగి, ఊరు వెలివేసిన వాళ్లతో కలిసి భోంచేసినవాడి కథను, అగ్రహారాల సొత్తనుకున్న ఛందస్సులో నిలబెట్టారు. పద్యం నుంచి ఆయన్ను తరిమారు. ఆయన పద్యంలోకి తన క్రీస్తును తీసుకొచ్చారు. 1964లో ఆ కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

అదే ఏడాది ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యులయ్యారు. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ మీదుగా నడిస్తే, పబ్లిక్ గార్డెన్స్‌ను ఆనుకుని అసెంబ్లీ తెల్లటి గుమ్మటాలు కనిపిస్తాయి. వినుకొండ సభలో లోపలికి ఎవరు రానిచ్చారని అడిగించుకున్న మనిషి అరవై తొమ్మిదో ఏట రాష్ట్ర చట్టసభలో కూర్చున్నారు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి అంతటి పండితుడు ఆ కాలికి గండపెండేరం తొడిగారు. 1970లో పద్మభూషణ్, ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ. 1971 జూలై 24న ఆయన కన్నుమూశారు.

ఇక్కడితో ఆపితే మంచి విజయగాథ. కానీ ఒక మాట మిగిలే ఉంది.

1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులను మాత్రమే షెడ్యూల్డు కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు ఇప్పటికీ బయటే ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో వాళ్లది బీసీ-సి గ్రూపు, ఒక్క శాతం రిజర్వేషను. వాడలో ఇల్లు మారలేదు, ఊరి చూపు మారలేదు, శ్మశానం మారలేదు. మారింది కాగితం మాత్రమే. ఆ కాగితంతో పాటు అట్రాసిటీ చట్టం అండ కూడా పోతుంది. మార్చాలా వద్దా తేల్చమని 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది.

అందుకే మనలో చాలామందికి రెండు పేర్లు. సర్టిఫికెట్లో ఒకటి, బాప్తిస్మంలో ఒకటి. నేను కుల ధ్రువపత్రం కోసం వెళ్లినప్పుడు ఒక కార్యాలయంలో గుమాస్తా తల ఎత్తకుండా, ఆదివారం ఎక్కడికి వెళ్తారని అడిగాడు. ఆ ప్రశ్నకు నేను సమాధానం చెప్పలేదు. మా నాయనమ్మ నాకు పెట్టిన పేరు నోటి చివరి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి అట్ట చినిగిన ఆ పుస్తకం చూశాను. లోపలి పేజీలో, ఏ మొహమాటం లేకుండా, పెద్ద అక్షరాల్లో జాషువా అని ఉంది. గోడలు కూలేదాకా జనాన్ని వెంటేసుకుని యెరికో చుట్టూ తిరిగినవాడి పేరు.

ఆ తర్వాతి ఆదివారం పెద్దమ్మను చర్చి బయట కలిశాను. పోయిన పని గురించి అడిగాను. ఒక ఇంటివాళ్లు పదిహేను రోజుల జీతం బాకీ ఉన్నారని చెప్పింది. హాస్టల్ మిత్రులు ఇద్దరు, నేను ఆమెతో కలిసి ఆ ఇంటికి వెళ్లాం. గేటు దగ్గర చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. చివరికి డబ్బు చేతికొచ్చింది. ఆమె నోట్లు లెక్కపెట్టుకుని, కొంగున ముడి వేసుకుని, దేవుడికి స్తోత్రం అంది.

ఈసారి నా మిత్రులు ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు.